బోర్డు కిందే నిలబడి "మీ క్లినిక్ ఎక్కడ?" అని ఫోను చేస్తున్నారు

మెట్లపై_వైద్యురాలు
మా దంత వైద్యశాల ఒక భవనంలోని మొదటి అంతస్తులో ఉంది. మూడు నెలల క్రితం భవనం ముందు గోడకు 3.6 మీటర్ల పొడవు, 1.2 మీటర్ల ఎత్తు గల వెలుగు బోర్డు పెట్టించాను. ఆ వీధిలో అంత పెద్ద బోర్డు మరొకటి లేదు. అయినా కొత్తగా వచ్చేవారిలో సగం మంది సరిగ్గా ఆ బోర్డు కిందే నిలబడి, "ఇక్కడిదాకా వచ్చామండీ, మీ క్లినిక్ ఎక్కడ?" అని ఫోను చేస్తున్నారు. నిన్న ఒక పెద్దాయన దవడ పట్టుకుని పక్క భవనంలోని కళ్ళ డాక్టరు గదిలో అరగంట కూర్చుని, తన వంతు వచ్చాక సంగతి తెలిసి మా దగ్గరికి వచ్చారు.

బోర్డులో ఎడమ వైపు నవ్వుతున్న అమ్మాయి ఫోటో, కుడి వైపు ఇంప్లాంటు బొమ్మ ఉన్నాయి. నడుమ వైద్యశాల పేరు, నా పేరు, డిగ్రీలు, మేము చేసే 14 చికిత్సల జాబితా, రెండు ఫోను నంబర్లు, పని వేళలు ఉన్నాయి. తయారు చేసినవారు ఇంకా పెద్దది చేయిద్దామంటున్నారు. మళ్ళీ డబ్బు పెట్టే ముందు ఇక్కడ అడుగుతున్నాను. లోపం పరిమాణంలో ఉందా, మరెక్కడైనా ఉందా?

చెంపమీదచెయ్యి
పన్ను నొప్పితో ఉన్నవాడు తల పైకెత్తడు. పోయిన ఏడాది నేను అరచేతిని చెంపకు ఆనించుకుని నేల చూస్తూ ఒక దంత వైద్యశాల ముందు నుంచి రెండుసార్లు అటూ ఇటూ నడిచాను. పైన ఎంత పెద్ద బోర్డు ఉందో ఇప్పటికీ నాకు తెలియదు. మెట్ల మొదట్లో కంటి ఎత్తులో ఒక బాణం గుర్తు ఉండి ఉంటే నాకు అంతకంటే ఏమీ అక్కరలేకపోయేది.

పాతదౌడ
పద్నాలుగు చికిత్సలు రాయించారంటే అది బోర్డు కాదు, పాఠ్యపుస్తకంలో విషయసూచిక. ముప్పై ఏళ్ళుగా ఈ వృత్తిలో ఉన్నాను. దారిన పోతూ "ఓహో, ఇక్కడ చిగుళ్ళ శస్త్రచికిత్స కూడా చేస్తారట" అని చదువుకుని మెట్లెక్కిన మనిషిని ఒక్కరినీ చూడలేదు. పన్ను నొప్పి వచ్చినవారికి అక్కడ పళ్ళ డాక్టరు ఉన్నారని తెలిస్తే చాలు. మిగతాది కుర్చీలో కూర్చున్నాక మనం చెబుతాం.

అక్షరశిల్పి
నేను బోర్డులు తయారు చేసే వృత్తిలో ఉన్నాను కనుక కొంత వివరంగా రాస్తాను. మీరు బోర్డు కొలతలు చెప్పారు గాని అక్షరాల కొలతలు చెప్పలేదు. చూసేవారు చదివేది పలకను కాదు, అక్షరాన్ని. మా పనిలో వాడే స్థూల లెక్క ఏమిటంటే, 2.5 సెంటీమీటర్ల ఎత్తు గల ఆంగ్ల అక్షరం దాదాపు 3 మీటర్ల దూరం నుంచి ఏ శ్రమా లేకుండా కనబడుతుంది. కళ్ళు చికిలించి పోల్చుకోగల గరిష్ఠ దూరం దాదాపు 10 మీటర్లు. తెలుగు అక్షరాలకు గుణింతపు గుర్తులు పైన, ఒత్తులు కింద చేరతాయి కాబట్టి అదే ఎత్తులో అసలు అక్షరానికి మిగిలే చోటు తక్కువ, అందువల్ల ఈ లెక్కను ఇంకా కుదించుకోవాలి.

రెండు విషయాలు చెప్పండి. "దంత వైద్యశాల" అన్న మాటలో అక్షరం ఎత్తు ఎంత? మీ దగ్గరికి వచ్చేవారు వీధికి అడ్డంగా ఎదురు వైపు నుంచి వస్తారా, లేక వీధి వెంబడి గోడ పక్కగా వస్తారా?

మెట్లపై_వైద్యురాలు
ఇప్పుడే నిచ్చెన వేయించి కొలిపించాను. "దంత వైద్యశాల" అన్న అక్షరాలు 9 సెంటీమీటర్లు ఉన్నాయి. అమ్మాయి నవ్వులో కనబడే పళ్ళ వరుస 31 సెంటీమీటర్ల వెడల్పు ఉంది. దాదాపు అందరూ వీధి వెంబడే వస్తారు. ఎదురుగా ప్రహరీ గోడ ఉంది, అటు నుంచి వచ్చేవారు లేరు.

అక్షరశిల్పి
అయితే మీ ప్రశ్నకు జవాబు మీ కొలతల్లోనే ఉంది. 9 సెంటీమీటర్ల అక్షరం సుఖంగా కనబడేది 11 మీటర్ల లోపు, ఎంత శ్రమపడినా 36 మీటర్లు. గంటకు 40 కిలోమీటర్ల వేగంతో వచ్చే బండి సెకనుకు 11 మీటర్లు కదులుతుంది. అంటే బండి మీద వచ్చేవారికి మీ పేరు సుఖంగా కనబడే వ్యవధి ఒక్క సెకను. ఆ ఒక్క సెకనులోనూ వారు ముందున్న దారిని చూడాలి గాని తల పక్కకు తిప్పి గోడను చూడరాదు.

అంతకంటే పెద్ద లోపం మరొకటి ఉంది. మీ బోర్డు గోడకు సమాంతరంగా ఉంది. వీధి వెంబడి నడిచి వచ్చేవారికి అది ఒక సన్నని అంచుగా మాత్రమే కనబడుతుంది. కిందికి వచ్చేసరికి అది నేరుగా తల మీద ఉంటుంది, అప్పుడు అంచు కూడా కనబడదు. మీరు దానిని రెట్టింపు పొడవు చేయించినా కనబడేది అదే అంచు. మీకు కావలసింది గోడకు లంబంగా వీధిలోకి పొడుచుకొచ్చే, రెండు వైపులా అక్షరాలు గల చిన్న బోర్డు. దానితో పాటు మెట్ల దగ్గర కంటి ఎత్తులో మరొకటి కావాలి. చెంపమీదచెయ్యి గారు అడిగిన బాణం గుర్తును దాని మీద పెట్టించండి.

పాతదౌడ
పూర్వం పళ్ళు పీకేవారు గుమ్మం ముందు బంగారు రంగు వేసిన పెద్ద కొయ్య పన్నును ఇనుప కడ్డీకి వేలాడదీసేవారు. ఐరోపా మ్యూజియంలలో అలాంటివి ఇంకా ఉన్నాయి. అక్షర జ్ఞానం లేనివారికి కూడా వీధి చివరి నుంచే తెలిసిపోయేది. అక్షరశిల్పి గారు ఇన్ని లెక్కలు వేసి మనల్ని తిరిగి ఆ కడ్డీ దగ్గరికే తీసుకొచ్చారు.

గీతలపిచ్చి
కడ్డీకి నాకు అభ్యంతరం లేదు గాని పన్ను బొమ్మకు ఉంది. నేను చిహ్నాలు గీసే పనిలో ఉన్నాను. దంత వైద్యశాల అనగానే రెండు వేళ్ళున్న పన్ను, దాని పక్కన ఒక మెరుపు నక్షత్రం గీయమంటారు. పక్కపక్కన నాలుగు వైద్యశాలలు ఉంటే నాలుగింటికీ అదే బొమ్మ ఉంటుంది. గుర్తు పని ఒకరిని మరొకరి నుంచి వేరు చేయడం కదా?

పాతదౌడ
కాదంటాను. బొమ్మ పని ఇది పళ్ళ ఆస్పత్రి అని చెప్పడం, వేరు చేసే పని పేరుది. నిన్న కళ్ళ డాక్టరు దగ్గర అరగంట కూర్చున్న పెద్దాయనకు కావలసింది వైవిధ్యం కాదు, పన్ను. అయితే గీసేవారికి ఒక మనవి ఉంది. కింది దవడలోని పెద్ద దంతాలకు సాధారణంగా రెండు వేళ్ళు, పై దవడలోని వాటికి మూడు వేళ్ళు ఉంటాయి. రెండు వేళ్ళ పన్నును వేళ్ళు కిందికి ఉండేలా గీస్తే శాస్త్రానికి కూడా సరిపోతుంది. నా మొదటి బోర్డు మీద పన్నుకు ఐదు వేళ్ళు గీశారు. అది మూడేళ్ళు అలాగే ఉంది, నా దగ్గరికి వచ్చిన వైద్య విద్యార్థులు తప్ప ఎవరూ గమనించలేదు.

వెలుగుమేస్త్రీ
ఐదు వేళ్ళయితే అది పన్ను కాదు, చెయ్యి.

రెండోకుర్చీ
నాది కూడా దంత వైద్యశాలే. బోర్డు మీద పన్నుకు బదులు ఎర్ర శిలువ పెట్టించాను. దూరం నుంచి వైద్యానికి సంబంధించినదని అందరికీ తెలుస్తుంది. మెట్లపై_వైద్యురాలు గారు కూడా ఆలోచించవచ్చు.

గీతలపిచ్చి
రెండోకుర్చీ గారు దానిని వెంటనే తీయించడం మంచిది. తెల్లని నేల మీద ఎర్ర శిలువ వైద్య వృత్తికి చిహ్నం కాదు. 1864 నాటి మొదటి జెనీవా ఒప్పందంతో అది యుద్ధరంగంలో క్షతగాత్రులకు, వారికి సేవ చేసేవారికి రక్షణనిచ్చే చిహ్నమైంది. 1949 నాటి ఒప్పందం ప్రైవేటు వ్యక్తులు, సంస్థలు దానిని వాడకుండా స్పష్టంగా నిషేధించింది, ఆ నిషేధాన్ని అమలు చేసే చట్టాలు చాలా దేశాల్లో ఉన్నాయి. అందరూ వాడుతున్నారన్నది నిజమే గాని అది మీకు రక్షణ కాదు.

రెండోకుర్చీ
ఇంతకాలం నాకు ఈ సంగతి తెలియదు. ఎరుపు తీసి ఆకుపచ్చ రంగు వేయిస్తే సరిపోతుందా?

గీతలపిచ్చి
చట్టం మాట వదిలేసినా, ఆకుపచ్చ శిలువను చాలా దేశాల్లో మందుల దుకాణాల గుర్తుగా వాడుతున్నారు. అప్పుడు మీ దగ్గరికి మాత్రలు కొనడానికి వస్తారు.

పామును పెట్టించాలని అనిపిస్తే అందులోనూ జాగ్రత్త అవసరం. రెండు పాములు, రెక్కలు ఉన్న దండం గ్రీకు పురాణాల్లో హెర్మీస్‌ది. ఆయన దేవతల వార్తాహరుడు, వర్తకులకూ దొంగలకూ కూడా దేవుడు. 1902లో అమెరికా సైన్యపు వైద్య విభాగం దానిని స్వీకరించడంతో ఈ గందరగోళం బాగా వ్యాపించింది. వైద్య దేవుడు అస్క్లేపియస్ దండానికి ఒకే పాము, రెక్కలు లేవు. అమెరికా దంత వైద్యుల సంఘం 1965లో స్వీకరించిన చిహ్నంలో ఉన్నది ఈ ఒంటి పాము దండమే. దాని చుట్టూ 32 ఆకులు, 20 పండ్లు ఉంటాయి. ఆకులు శాశ్వత దంతాలకు, పండ్లు పాలపళ్ళకు సంకేతం. చిహ్నం గీసే పనిలో ఉన్నవాడిగా ఆ ఆలోచన చూసి అసూయపడ్డాను. కాని వీధి బోర్డు మీద 20 పండ్లు 20 మచ్చలుగానే కనబడతాయి, అది ఉత్తరాల కాగితానికి తగిన చిహ్నం.

పాతదౌడ
వర్తకులకూ దొంగలకూ దేవుడన్నారు. రెండు పాముల బోర్డు పెట్టుకున్న సహచరులు కొందరు గుర్తొచ్చారు. వివరాల్లోకి వెళ్ళను.

మెట్లపై_వైద్యురాలు
పన్ను బొమ్మకే మొగ్గుతున్నాను. ఇప్పుడు వెలుగు గురించి అడగాలి. ప్రస్తుత బోర్డు రాత్రి పూట చాలా తెల్లగా మెరుస్తుంది. ఎదురు ప్రహరీ మీద మా నీడలు పడతాయి. అయినా అక్షరాలు చెదిరినట్టు కనబడుతున్నాయి. కుడి చివర మాత్రం వెలుగు మసకబారింది. వెలుగు పెంచాలా?

వెలుగుమేస్త్రీ
తగ్గించాలి. చీకట్లో అతి ప్రకాశవంతమైన తెల్లని అక్షరాల వెలుగు అంచులు దాటి వ్యాపిస్తుంది. దగ్గరగా ఉన్న గీతలు ఒకదానిలో ఒకటి కలిసిపోతాయి. "ద"కు, "ధ"కు తేడా ఆ చిన్న గీతలోనే కదా, మొదట మాయమయ్యేది అదే. కొత్త బోర్డులో వెలుగు తగ్గించే మీట పెట్టించండి, అక్షరాల మధ్య ఎడం పెంచండి. 6500 కెల్విన్ల (వెలుగు రంగును తెలిపే కొలత) నీలి తెలుపుకు బదులు 4000 కెల్విన్ల దగ్గర ఉండే తెలుపును తీసుకుంటే కంటికి హాయిగా ఉంటుంది.

కుడి చివర మసకబారడానికి కారణం దాదాపుగా తీగ పొడవు. 12 వోల్టుల ఎల్ఈడీ వరుసను ఒకే చివర నుంచి మూడున్నర మీటర్లు లాగితే దారిలో వోల్టేజి పడిపోయి తోక భాగానికి సరిపడా అందదు. రెండు చివరల నుంచీ విద్యుత్తు ఇవ్వాలి, లేదా 24 వోల్టుల వరుసలు వాడాలి. దీపాలకు విద్యుత్తు అందించే పెట్టె (డ్రైవర్) సామర్థ్యంలో 80 శాతానికి మించి భారం వేయకూడదు, 100 వాట్ల డ్రైవర్ మీద 80 వాట్ల దీపాలు చాలు. ఆ డ్రైవర్‌ను చెయ్యి అందేచోట పెట్టించండి. అక్షరాల పెట్టెలోనే దాచి అతికించేస్తే, అది చెడిపోయిన రోజు బోర్డు మొత్తం దింపాలి.

బయట ఉండే దీపాలకు కనీసం ఐపీ65 రక్షణ ఉండాలి. అందులో 6 దుమ్ము చొరబడదని, 5 నీటి ధార తగిలినా హాని ఉండదని తెలుపుతాయి. ఇక ఎవరూ అడగని విషయం ఒకటి ఉంది. ప్రతి అక్షరం పెట్టెకూ అడుగున చిన్న రంధ్రం వేయించాలి. ఎంత మూసినా లోపల తేమ చేరుతుంది, ఆ నీరు పోయే దారి లేకపోతే దీపాలు కుళ్ళిపోతాయి.

రెండోకుర్చీ
అక్షరాలు విడివిడిగా వెలిగే బోర్డులతో నాకొక అనుభవం ఉంది. పేరు కింద "నొప్పి తెలియని వైద్యం" అని పెట్టించాను. ఒక వర్షం తరువాత "నొప్పి" ఆరిపోయింది. వారం రోజులు మా వైద్యశాల ముందు రాత్రిపూట "తెలియని వైద్యం" అని వెలిగింది.

పాతదౌడ
మొదటిసారిగా ఒక బోర్డు నిజం చెప్పిందన్నమాట. వేళాకోళం సరే గాని, నొప్పి ఉండదని, ఊరిలోకెల్లా ఉత్తమమని హామీలు రాయించడాన్ని చాలా చోట్ల దంత వైద్య మండలుల నియమావళి అంగీకరించదు. పేరు, అర్హత, దంత వైద్యశాల అన్న మాట రాయించండి. పొగడ్త రోగి నోటి నుంచి రావాలి. అది కూడా నోట్లో దూది తీశాక రావాలి.

చెంపమీదచెయ్యి
రోగిగా నేను కూడా ఒక మాట కలుపుతాను. చిగుళ్ళు విప్పి చూపించే "చికిత్సకు ముందు, చికిత్స తరువాత" ఫోటోలు బోర్డు మీద వద్దు. మా అబ్బాయి అలాంటి ఒక ఫోటో చూసి గుమ్మంలోనే కూర్చుండిపోయాడు. "తరువాత" బొమ్మను చూసే దాకా వాడు రాలేదు.

గీతలపిచ్చి
రంగుల గురించి ఎవరూ మాట్లాడలేదు. దంత వైద్యశాలలన్నీ లేత నీలం మీద తెలుపు, లేదా తెలుపు మీద లేత ఆకుపచ్చ కోరతాయి, శుభ్రతకు గుర్తుగా ఉంటుందని. కంప్యూటరు తెర మీద అది చక్కగా ఉంటుంది, ఎండలో తేలిపోతుంది. చదవడానికి కావలసింది రంగు కాదు, ముదురుకూ లేతకూ మధ్య తేడా. నమూనాను నలుపు తెలుపుల్లోకి మార్చి చూడండి. అప్పుడు కూడా అక్షరం స్పష్టంగా నిలబడితే ఆ జత పనికొస్తుంది. పైగా ఎరుపు, ఆకుపచ్చల తేడా తెలియనివారు పురుషులలో తక్కువేమీ కాదు. ఫోటోలు ముద్రించిన బోర్డులు ఎండకు వెలిసేటప్పుడు ఎరుపు, పసుపు ముందు పోయి నీలం మిగులుతుంది. రెండేళ్ళ తరువాత మీ బోర్డు మీది అమ్మాయి నీలి చిగుళ్ళతో నవ్వుతుంది.

తెలుగు అక్షరాల విషయంలో మరొక జాగ్రత్త ఉంది. నమూనా తయారు చేసిన కంప్యూటరులో సరిగ్గా ఉన్న ఒత్తులు, అక్షరాలు కోసే యంత్రం దగ్గరున్న కంప్యూటరులో ఆ ఫాంటు లేకపోతే చెల్లాచెదురవుతాయి. "వైద్యశాల"లో యకారపు ఒత్తు విడిపోయి పక్కన నిలబడటం నేను కళ్ళారా చూశాను. అక్షరాలను గీతలుగా మార్చిన తరువాతే పంపమని చెప్పండి. కోతకు పంపే చివరి ప్రతిని తెలుగు చదవగలిగిన మనిషి, వీలైతే ఇద్దరు, అక్షరం అక్షరం చూసి సంతకం చేయాలి.

అక్షరశిల్పి
గీతలపిచ్చి గారి మాటకు నా తరఫున కూడా ఒక సంతకం పెట్టుకోండి. తప్పు కోసిన లోహం తిరిగి అతకదు.

పదార్థం గురించి రాస్తాను. ఫ్లెక్సు గుడ్డ చవకగా అవుతుంది గాని గాలికి వదులై ఎండకు పెళుసుబారుతుంది, తాత్కాలిక ప్రకటనకు మాత్రమే తగినది. లోహపు అక్షరాలకు స్టెయిన్‌లెస్ స్టీలులో 304 రకం మామూలు చోట్ల చాలు. సముద్రపు గాలి తగిలేచోట 316 రకం తీసుకోవాలి, అందులో ఉండే మాలిబ్డినం ఉప్పు వల్ల పడే గుంటలను చాలావరకు అడ్డుకుంటుంది. అల్యూమినియం రేకుల మధ్య ప్లాస్టిక్ పొర ఉండే పలకలను అందరూ వాడుతున్నారు గాని, ఆ మధ్య పొర మామూలు పాలిథిలీన్ అయితే నిప్పు అంటుకుంటుంది. విద్యుత్తు ఉండే బోర్డుకు నిప్పును తట్టుకునే పొర ఉన్న రకాన్నే అడగండి. పొడుచుకొచ్చే బోర్డును గాలి రెండు వైపుల నుంచీ ఊపుతుంది కాబట్టి దాని కడ్డీని కాంక్రీటులోకి దించి బిగించాలి, పైపూతకు, అలంకారపు పలకలకు బిగించకూడదు.

మెట్లపై_వైద్యురాలు
అక్షరశిల్పి గారి లెక్క ప్రకారం లంబంగా ఉండే బోర్డు మీద "దంత వైద్యశాల" అని, పన్ను బొమ్మ, పైకి చూపే బాణం మాత్రమే ఉంచుతున్నాను. నా పేరును కూడా తీసేశాను. మా వారికి ఆ సంగతి ఇంకా చెప్పలేదు.

లోపలి బోర్డుల గురించి కూడా చెప్పండి. చికిత్స గదుల తలుపుల మీద అక్రిలిక్ పలకలు పెట్టించాను. ఆరు నెలలకే అంచుల్లో సన్నని జుట్టు లాంటి పగుళ్ళు వచ్చాయి. ఎవరూ తగిలించిన గుర్తులు లేవు.

అక్షరశిల్పి
మీ సహాయకులు వాటిని దేనితో తుడుస్తున్నారు?

మెట్లపై_వైద్యురాలు
రోజుకు రెండుసార్లు ఆల్కహాలుతో తుడుస్తున్నారు. మిగతా అన్నింటినీ దానితోనే తుడుస్తాం.

అక్షరశిల్పి
పగుళ్ళకు కారణం అదే. లేజరుతో కోసిన అక్రిలిక్ అంచుల్లో వేడి వల్ల బిగువు మిగిలి ఉంటుంది, ఆల్కహాలు తగలగానే అది సన్నని పగుళ్ళుగా విచ్చుకుంటుంది. వైద్యశాలల్లో ఈ తప్పు చాలా ఎక్కువగా చూస్తాను. బోర్డు చేసేవాడు అందం చూస్తాడు, తుడిచే మనిషిని అడగడు. చికిత్స గదులకు పొడి రంగు పూసి కాల్చిన అల్యూమినియం పలకలు మేలు. ఉబ్బెత్తు అక్షరాలు అతికించిన పలకలను చికిత్స కుర్చీకి దగ్గరగా పెట్టకండి, ఆ సందుల్లో చేరిన మురికిని ఎవరూ తీయలేరు. అక్రిలిక్ పలకలు రిసెప్షన్ వెనుక గోడకు, తడిగుడ్డ మాత్రమే తగిలేచోటుకు సరిపోతాయి.

రెండోకుర్చీ
ఎక్స్-రే గది తలుపు మీద పసుపు నేల మీద మూడు రెక్కల గుర్తు పెట్టించాను. దాన్ని చూసి ఒకరిద్దరు రోగులు ఎక్స్-రే వద్దని వెళ్ళిపోయారు. చిన్నది చేయించనా?

పాతదౌడ
ఆ గుర్తును చిన్నది చేయించడం మీ చేతిలో ఉన్న పని కాదు, రేడియేషన్ భద్రతా నియమాలు చెప్పిన చోట చెప్పినట్టు ఉండాలి. 1946లో బర్క్‌లీలోని రేడియేషన్ ప్రయోగశాలలో మొదట గీసినప్పుడు అది నీలం మీద గులాబీ ఛాయగల ఊదా రంగులో ఉండేది, పసుపు నేల తరువాత వచ్చింది. కంటపడాలనే దానిని అలా తయారు చేశారు. మీరు మార్చగలిగింది దాని పక్కన రాసే మాటలను. మా తలుపు మీద గుర్తు కింద "గర్భవతులు, గర్భం ఉందేమోనని అనుమానం ఉన్నవారు ముందుగా మాకు చెప్పండి" అని, "దీపం వెలుగుతున్నప్పుడు లోపలికి రాకండి" అని రెండు వాక్యాలు రాయించాను. గుర్తును ఒంటరిగా వదిలితే భయపెడుతుంది. ఏం చేయాలో పక్కన రాసి ఉంటే రోగి ఆ పని చేసి కూర్చుంటాడు.

వేలికొనచూపు
నాకు చూపు చాలా తక్కువ. ఇంతవరకు అందరూ కంటి గురించే మాట్లాడారు కాబట్టి వేలి గురించి రాస్తున్నాను. నేను వెళ్ళే ఒక దంత వైద్యశాలలో మరుగుదొడ్డి తలుపు మీద బ్రెయిలీ పలక పెట్టారని చెబితే సంతోషించాను. తడిమి చూస్తే నున్నగా గాజులా తగిలింది. చుక్కలు అరిగిపోకుండా వాటి మీద పారదర్శకమైన అక్రిలిక్ పలక బిగించారట.

వెలుగుమేస్త్రీ
ఇది చదివాక పది నిమిషాలు ఏమీ రాయలేకపోయాను.

వేలికొనచూపు
మరొక చోట బ్రెయిలీ పలకను తలకిందులుగా అతికించారు. ఉద్దేశం మంచిదే గాని, బిగించే ముందు చదవగలిగిన ఒక మనిషిని అడిగి ఉండవలసింది. కొలతలు కావాలనుకునేవారికి వికలాంగుల సౌకర్యం కోసం అమెరికాలో చేసిన 2010 ప్రమాణాలు పనికొస్తాయి. వాటి ప్రకారం తాకి చదివే అక్షరాలు కనీసం 0.8 మిల్లీమీటర్లు ఉబ్బి ఉండాలి. నేల నుంచి 1.22 మీటర్లకు, 1.52 మీటర్లకు మధ్య ఉండాలి. తలుపు మీద కాకుండా, గడియ ఉండే వైపు గోడ మీద ఉండాలి. తలుపు మీద పెడితే, నేను ముఖం దగ్గరగా పెట్టి తడుముతున్నప్పుడు లోపలి వారు తలుపు తోస్తారు. ఆ తరువాత నాకు నిజంగానే దంత వైద్యం కావలసి వస్తుంది.

నాలాంటివారికి మెరిసే ఇత్తడి, అద్దంలాంటి స్టీలు పలకలు ఎందుకూ పనికిరావు. దీపపు వెలుగు వాటి మీద పడి అక్షరాన్ని మింగేస్తుంది. మెరుపు లేని ఉపరితలం అడగండి.

గీతలపిచ్చి
తలుపు కాకుండా గోడ మీద పెట్టాలన్న కారణం నాకు ఇంతవరకు తట్టలేదు. గతంలో నేను ఇచ్చిన నమూనాలన్నీ తలుపుల మీదివే. తప్పు ఒప్పుకుంటున్నాను.

అక్షరశిల్పి
మెట్లపై_వైద్యురాలు గారు, లోహం కోయించే ముందు ఒక పని చేయండి. కొత్త బోర్డు నమూనాను అసలు కొలతల్లో కాగితం మీద ముద్రించి, అట్టకు అతికించి, అది రాబోయే చోట రెండు రోజులు వేలాడదీయండి. మీరు చూడకండి, మీకు ఆ చోటు తెలుసు కాబట్టి మీ కన్ను సాక్ష్యానికి పనికిరాదు. కొత్తగా వచ్చేవారిని చూడమనండి.

మెట్లపై_వైద్యురాలు
పది రోజుల తరువాత రాస్తున్నాను. కాగితం నమూనాను మొదట 18 సెంటీమీటర్ల అక్షరాలతో వేలాడదీశాం. పగలు బాగానే ఉంది. సాయంత్రం మాత్రం పక్కనున్న చెట్టు కొమ్మ నీడ సరిగ్గా "దంత" మీద పడి "వైద్యశాల" మాత్రమే మిగిలింది. బోర్డును అర మీటరు కిందికి దింపితే సరిపోయింది. ఈ సంగతి లోహం బిగించాక తెలిసి ఉంటే నా పరిస్థితి ఏమయ్యేదో ఊహించలేను. ఆ రెండు రోజుల్లో వచ్చిన తొమ్మిది మంది కొత్తవారిలో ఒక్కరే ఫోను చేశారు. ఆయన కూడా దారి అడగడానికి కాదు, లిఫ్టు ఉందా అని.

అసలు బోర్డు మొన్న బిగించారు. వెలుగు తగ్గించే మీట, అడుగు రంధ్రాలు, చెయ్యి అందే డ్రైవర్ అన్నీ ఉన్నాయి. మెట్ల దగ్గర కంటి ఎత్తులో మెరుపు లేని పలక పెట్టాం. మరుగుదొడ్డి పలక గడియ వైపు గోడ మీదికి మారింది. బ్రెయిలీ చుక్కలు చదవగలిగిన ఒక అమ్మగారిని పిలిచి చదివించాకే బిగించాం. పాత బోర్డును దింపేశాం. ఆ అమ్మాయి ఫోటో ఉన్న ముక్కను తీసుకెళ్తానని మా సహాయకుడు అడిగాడు, ఎందుకని నేను అడగలేదు.

ఇప్పుడు మిగిలింది ఒక్కటే. అందరూ నేరుగా మా గుమ్మం దాకా వస్తున్నారు. అక్కడ బయటికి తెరుచుకునే గాజు తలుపు ఉంది. దాని మీద "లాగండి" అని పెద్దగా రాయించాను. అయినా తోస్తున్నారు.

పాతదౌడ
పళ్ళ డాక్టరు గుమ్మం మీద "లాగండి" అని రాయించారా? లోపలికి వచ్చినవారు ధైర్యవంతులు, ఎంతమంది వెనక్కి తిరిగారో లెక్కపెట్టారా?

చెంపమీదచెయ్యి
నేనైతే తిరిగేవాణ్ణి.

అక్షరశిల్పి
ఆ మాటను చెరిపేసి, బయటి వైపు పట్టుకోవడానికి వీలైన నిలువు పిడి బిగించండి. లోపలి వైపు పిడి తీసేసి చదునైన రేకు పెట్టండి. పిడి కనబడితే చెయ్యి దానంతటదే లాగుతుంది, రేకు కనబడితే తోస్తుంది. అక్కడ బోర్డు అక్కరలేదు.